చెవి ముందు, కెమెరా వెనుక

తొలకరి జల్లు పడిన రాత్రి కప్పల సద్దు వినబడని పల్లె తెలుగునాట ఉండదు. వానలు మొగము చాటువేసిన యేట స్త్రీలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లిని ఇంటింటికి త్రిప్పి నీళ్ళు పోయించుట మన పల్లెల పాత ఆచారము. ఊరు దాటి లోకము చూడనివానిని కూపస్థమండూకమని ఎత్తిపొడుచుట మన పండితుల అలవాటు. ఋగ్వేదములోని మండూకసూక్తము, ఒక కప్ప కూతను వేరొక కప్ప అందుకొనుటను, గురువు పలుకును శిష్యుడు వల్లించుటతో పోల్చినది. ఇంతటి పరిచయము ఉన్నను కప్పను తీరికగా చూచినవారు మనలో అరుదు. బావికప్పను, బురదకప్పను, గోడమూల గోదురుకప్పను ఎరిగినవారిలో సైతము, కొమ్మలమీద బ్రదుకు సాగించు చెట్టుకప్పలను ఎరిగినవారు బహు కొద్దిమంది.

ఇప్పుడు చేతిలో ఇమిడిపోవు ఫోనులోనే కెమెరా కలదు. వానకాలపు రాత్రులలో టార్చిలైట్లు చేతబట్టి పడమటి కనుమల అడవిబాటలు త్రొక్కు విద్యార్థులును, ఉద్యోగులును ఏటేట కనబడుచున్నారు. పచ్చని ఒడలు, బంగారు వన్నె కన్నులు, ఆకును అంటిపట్టుకొన్న గుండ్రని వ్రేళ్ళు గల చెట్టుకప్ప వారికి మిక్కిలి ప్రియమైన చిత్రవస్తువు. అయితే అంగుళమంత ప్రాణిమీద పదిమంది దీపములు నిలిపినప్పుడు ఆ ప్రాణికి ఏమగును? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు కొంత సమాధానము సంపాదించినారు. అది తెలిసినవాడు కెమెరా పట్టు తీరు మార్చుకొనక తప్పదు.

సున్నపు గోడమీది అతిథి

చెట్టుకప్పను చూచుటకు దూరపు అడవులకు పోనక్కరలేదు. ఆంధ్ర, తెలంగాణ పల్లెలలో వానకాలమున స్నానాలగదిలో, నీటితొట్టి గోడమీద, అరటిమట్టల సందున లేత గోధుమవన్నె కప్ప ఒకటి కనబడును. తొడల వెనుకభాగమున నల్లని వలలో పొదిగినట్లు పసుపుచుక్కలు దానికి గుర్తు. 1830లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించినాడు. నేటి శాస్త్రనామము పాలిపెడేటిస్ మాక్యులేటస్. సున్నము కొట్టిన గోడలపై కనబడుటచేత ఆంగ్లేయులు దీనిని చునాం కప్ప అన్నారు.

నిలువుగోడపై ఇది జారక నిలుచుటలో మంత్రమేమియు లేదు. చెట్టుకప్ప వ్రేళ్ళ కొనలయందు గుండ్రని బిళ్ళలుండును. వ్రేలి చివరి రెండు ఎముకలమధ్య అదనముగా నున్న ఒక మృదులాస్థివలన ఆ బిళ్ళ ఎటు కావలసిన అటు వంగి గోడకు చదునుగా ఆనును. సూక్ష్మదర్శినిలో చూచినచో బిళ్ళ అడుగు తేనెపట్టు గదులవలె ఆరు పలకల కణములతో నిండియుండును. ఆ కణముల నడిమి సన్నని కాలువలలో తడి నిలుచును. తడిసిన రెండు గాజుపలకలు ఒకదానినొకటి విడువనట్లు, ఆ తడియే కప్పను గోడకు పట్టియుంచును.

దీని సంతానపాలనయు వింతయైనది. ఆడకప్ప తన శరీరమునుండి వెలువడు జిగురును వెనుకకాళ్ళతో చిలికి నురుగు చేయును. నీటిపైకి వాలిన కొమ్మకో, తొట్టి అంచుకో అంటించిన ఆ నురుగు గూటిలో గ్రుడ్లు భద్రముగా నుండును. గూడు పైభాగము గాలికి ఆరి గట్టిపడినను లోపలి తడి ఆరదు. కొద్ది దినములకు తోకకప్పలు గూటినుండి జారి క్రిందినీటిలో పడును. అందుకే తొట్టి గోడమీద సబ్బునురుగువంటి ముద్ద కనబడినప్పుడు దానిని మురికి యనుకొని చీపురుతో తుడుచుట ఒక తరమును తుడిచివేయుటయే.

ఈ కప్పకు మరియొక విద్య కూడ కలదు. కప్పచర్మము నీటిని నిలుపజాలదు. ఎండ తగిలిన కొలది దేహములోని నీరు ఆవిరియై పోవును. చునాం కప్ప తన చర్మగ్రంథులనుండి వెలువడు స్రావమును కాళ్ళతో ఒడలెల్ల రుద్దుకొనుననియు, అందలి క్రొవ్వుపదార్థము నీటి నష్టమును తగ్గించుననియు 1997లో వెలువడిన పరిశోధన తెలిపినది. మనుష్యులు చలికాలమున ఒడలికి నూనె పూసికొన్నట్లే. పగలెల్ల కాళ్ళు ముడుచుకొని, కన్నులు మూసికొని అది కదలక కూర్చుండుట సోమరితనము కాదు, నీటి పొదుపు. చిత్రము చక్కగా రావలెనని ఇటువంటి కప్పను వ్రేళ్ళతో పట్టి వేరొక ఆకుమీద కూర్చుండబెట్టువాడు ఆ పూతను చెరుపుచున్నాడు. దోమల మందు పూసిన చేతితో పట్టువాడు దాని చర్మముగుండ విషమెక్కించుచున్నాడు.

రంగు పోయిన నమూనాలు

ఇట్లనుటచేత చిత్రములే తీయరాదని కాదు. కప్ప చిత్రమునకు శాస్త్రమున గొప్ప అవసరము కలదు. పూర్వము శాస్త్రజ్ఞులు కప్పను పట్టి సారాయమునిండిన సీసాలో ఉంచెడివారు. దేహనిర్మాణము దానివలన నిలిచినది కాని, రంగు కొద్దికాలమునకే వెలిసిపోయినది. గంతువేయు తీరు, కూర్చుండు చోటు, కూత, ఇవి సీసాలోనికి రానే రావు.

1850 దశకమున బోర్నియో దీవిలోని సారవాక్ ప్రాంతమున సంచరించిన ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ వద్దకు ఒక చీనా కూలివాడు ఒక పెద్ద చెట్టుకప్పను తెచ్చి, అది ఎత్తైన చెట్టుమీదినుండి ఎగురుచున్నట్లు ఏటవాలుగా దిగివచ్చినదని చెప్పినాడు. వాలెస్ దాని వ్రేళ్ళమధ్య పొరలను కొలిచినాడు. దేహము నాలుగంగుళములు మాత్రమే. నాలుగు పాదముల పొరలును విప్పినచో మొత్తము పండ్రెండు చదరపు అంగుళములు. అతడు కుంచెతో దాని చిత్రమును వ్రాసికొని, 1869లో వెలువరించిన మలయ ద్వీపసముదాయ గ్రంథములో ఈ వృత్తాంతమును చేర్చినాడు. 1895లో బౌలెంజర్ ఆ జాతికి రాకోఫోరస్ నైగ్రోపామేటస్ అని శాస్త్రనామమిచ్చినాడు. కెమెరా అడవికి చేరకముందు కుంచెయే ఆ పని చేసినది.

మన దేశములోను ఇట్టి గాలితేలు కప్ప కలదు. పడమటి కనుమలలోని ఆ పచ్చని కప్పను 1870లో థామస్ జెర్డన్ వర్ణించినాడు. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన ఈ జెర్డన్ పేరే మన కడపసీమ కలివికోడికి ఆంగ్లమున నిలిచినది. ఆ కప్ప కాలివ్రేళ్ళమధ్య నారింజవన్నె పొరలు గొడుగువలె విచ్చుకొనును. కొమ్మనుండి దుమికినప్పుడు అది పది మీటర్ల వరకు గాలిలో తేలిపోగలదు. కూర్చున్నప్పుడు ఆ పొరలు ముడుచుకొని కానరావు. కప్పను తరిమి దుమికించి చిత్రము తీయువారు కొందరు. అది తనంతట తాను కదలువరకు కాచుకొని యుండువారు మరికొందరు. రెండు చిత్రములు ఒక్కతీరుగనే కనబడవచ్చును. కాని మొదటిదానిలో ఉన్నది భయపడిన కప్ప. రెండవదానిలో ఉన్నది తన పనిమీద పోవుచున్న కప్ప.

కూత పట్టి పోవుట

చెట్టుకప్పను వెదకుటకు కన్నుకంటె చెవి ముఖ్యము. దీనికి ఒక గొప్ప నిదర్శనము కలదు. జెర్డన్ డార్జిలింగు ప్రాంతమున సేకరించిన ఒక చెట్టుకప్పను 1876లో గుంథర్ వర్ణించినాడు. లండను ప్రదర్శనశాలలో నమూనాలు మిగిలినవి కాని, నూరేండ్లు దాటినను సజీవముగా మరల ఎవరికిని కానరాలేదు. 2007లో సత్యభామదాస్ బిజు బృందము ఈశాన్య భారతపు అడవులలో నేలకప్పలను వెదకుచుండగా చెట్లతలలనుండి మేళమువంటి కూత వినవచ్చినది. తల యెత్తి చూచి, చెట్టు తొర్రలలో వెదకగా, ఆ పోయినదనుకొన్న జాతియే దొరకినది. తొర్రనీటిలోని తోకకప్పల కడుపున కప్పగ్రుడ్లు కనబడినవి. తల్లి తిరిగివచ్చి ఫలదీకరణము కాని గ్రుడ్లు పెట్టి తన పిల్లలకు మేపుచున్నదని తేలినది. 2016లో ఈ విషయమును ప్రకటించుచు, బిజు తనకు గురుస్థానీయుడైన ఫ్రాంకీ బొస్యూట్ పేర ఆ కప్పకు ఫ్రాంకిక్సాలస్ అను ప్రజాతినామము పెట్టినాడు.

గురువుల పేరు కప్పలకు పెట్టుట ఇది మొదటిసారి కాదు. పడమటి కనుమల పొదలలో అంగుళమునకు అటునిటుగా నుండు చిన్న కప్పలు అనేక జాతులవి కలవు. 2010లో వానికి రావోర్కెస్టిస్ అను ప్రజాతినామము ఏర్పడినది. అందులోని రావు, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జంతుశాస్త్రము బోధించిన సి. ఆర్. నారాయణరావు. కప్పలనుగూర్చి మన దేశములో తొలినాళ్ళలోనే పరిశోధన చేసిన ఆయన, 1932లో ఆరంభమైన కరెంట్ సైన్స్ పత్రికకు తొలి సంపాదకుడు. ఆ క్రొత్త నామము ప్రకటింపబడినదియు అదే పత్రికలో.

ఈ పొదకప్పల గ్రుడ్లనుండి తోకకప్పలు రావు. గ్రుడ్డులోనే మార్పులన్నియు ముగిసి, చిట్టికప్పయే బయటికి వచ్చును. చెరువుతో, కుంటతో వీనికి పని లేదు. తేమ నిలిచిన పొద చాలును. చూచుటకు ఒక జాతి మరియొక జాతివలెనే యుండును కాని, కూతలు వేరు. ఒకటి గులకరాళ్ళు తాటించినట్లు, మరొకటి చిరుగంట మ్రోగినట్లు కూయును. కనుక అనుభవజ్ఞుడు ముందు దీపమార్పి నిలుచును. మనిషి అలికిడికి ఆగిన కూత కొంతసేపటికి మరల మొదలగును. ఇద్దరు మనుష్యులు కొంత ఎడముగా నిలిచి, కూత వచ్చు దిక్కును చేతితో చూపినచో, ఆ రెండు గీతలు కలియు చోటనే కప్ప యుండును. కొమ్మలు విరిచి, పొదలు దులిపి వెదకువానికి కప్ప దొరకకపోగా, ఇల్లు పాడుచేసిన పాపము మిగులును.

వెదురుబొంగులోని తండ్రి

చిత్రకారుని తొందర ఎంత హాని చేయగలదో తెలుపు కథ తమిళనాడులోని కలక్కాడు ముండన్తురై అడవులలో బయటపడినది. రావోర్కెస్టిస్ చలజోడిస్ అను పచ్చని పొదకప్పను గూడ గుంథరే 1876లో వర్ణించినాడు. ఆ పిమ్మట నూటముప్పది యేండ్లకు పైగా అది ఎవరికిని కనబడలేదు. మరల దొరకిన వార్త 2011లో లోకమునకు తెలిసినది. దాని రహస్యజీవితమును కె. ఎస్. శేషాద్రి మొదలగువారు వెదురుబొంగులలో కనుగొని 2015 నాటి పరిశోధనపత్రములో వివరించినారు. వెదురు కణుపుల నడుమ ఏర్పడిన సన్నని చీలికగుండ కప్ప లోనికి దూరును. ఆడకప్ప బొంగు లోపలిగోడకు కొద్దిపాటి గ్రుడ్లు అంటించి వెడలిపోవును. మగకప్ప వానికి కాపుండును.

ఆ కాపువలన ప్రయోజనమేమి? పరిశోధకులు తండ్రికప్పలను తొలగించి చూచినారు. 2018లో ప్రకటింపబడిన ఫలితము కఠినమైనది. కాపులేని గ్రుడ్లు ఎక్కువగా నశించినవి. వానిని తిన్న శత్రువులలో ముఖ్యులు అదే జాతి ఇతర మగకప్పలే. ఇట్టి బొంగుముందు ఒక బృందము దీపములు పట్టి నిలిచి, తండ్రిని బెదరించి తరిమినదనుకొందము. ఆ గ్రుడ్లగతి ఏమగునో ఊహించుట కష్టము కాదు. చిత్రము తీసినవాడు సంతోషముతో ఇంటికి పోవును. అతడు చేసిన పని చిత్రములో కనబడదు.

చిత్రము తీయు పద్ధతి

కనుక పడమటి కనుమలలో కప్పలనెరిగి మసలువారు పాటించు నియమములు ఇట్టివి. కప్పను ముట్టరాదు, కదల్చరాదు. అడ్డమువచ్చిన ఆకును త్రుంచరాదు. వలసినచో తాను ప్రక్కకు జరుగవలెను. గ్రుడ్లకు కాపున్న కప్పను, జతకూడిన కప్పలను దూరమునుండి ఒకటి రెండు చిత్రములతో విడువవలెను. చీకటికి అలవడిన కప్పకన్ను తీవ్రమైన వెలుగు సోకినపిదప కొంతకాలము సరిగా చూడజాలదు. ఆ సమయమున దానికి పురుగు దొరకదు, పాము వచ్చుట తెలియదు. కావున దీపపు కాంతిని తగ్గించి, ఫ్లాషు ముందు తెల్లని పలుచని తెర కట్టి, లెక్కగా వాడవలెను. కప్ప కూత మానినచో, ఒడలు అదిమికొని ముడుచుకొన్నచో, అది చాలునని చెప్పుచున్నట్లే.

శాస్త్రమునకు పనికివచ్చు చిత్రమునకు అందము ఒక్కటే చాలదు. కప్ప కంటి ఎత్తునకు కెమెరాను దించి ప్రక్కనుండి ఒకటి, పైనుండి ఒకటి తీసినచో కర్ణభేరి, వీపు గుర్తులు, వ్రేళ్ళమధ్య పొర తెలియును. కూతను ఫోనులోనే ముద్రించుకొనవచ్చును. తేదీ, వేళ, ఊరు, నేలనుండి ఎత్తు, కూర్చున్న చెట్టు, వాన పడినదో లేదో, ఇవి వ్రాసికొననిచో ఆ చిత్రము చిరునామాలేని ఉత్తరము. అయితే అరుదైన జాతి విషయమున ఖచ్చితమైన చోటును బహిరంగపరుపక శాస్త్రజ్ఞులకు మాత్రమే తెలుపుట మేలు.

ఇంకొక జాగ్రత్త కలదు. ఒకదాని వీపుమీద ఒకటి ఎక్కిన కప్పలు, ఆకును గొడుగుగా పట్టుకొన్న కప్పలు, నోరు తెరచి నవ్వుచున్నట్లున్న కప్పలు గల చిత్రములు లోకమంతట తిరుగుచున్నవి. వీనిలో అనేకము పట్టి తెచ్చిన కప్పలను బలవంతముగా నిలబెట్టి తీసినవని ఎరిగినవారు చెప్పుదురు. అడవిలో కప్ప గొడుగు పట్టదు. పిల్లలకు పాఠము చెప్పునప్పుడు ఇట్టి చిత్రమును చూపి, ఇందులో అసహజమేదియని ప్రశ్నించుటయు ఒక మంచి పాఠమే.

చిత్రమే మిగిలిన జాతి

ఇంత జాగ్రత్త ఏలయను ప్రశ్నకు పనామా దేశపు ఒక చెట్టుకప్ప చరిత్ర సమాధానము. 2005లో కైట్రిడ్ అను శిలీంధ్రము ఆ దేశపు కొండలలోని కప్పలను నాశనము చేయుచు ముందుకు సాగుచుండగా, అది చేరకమునుపే కొన్ని కప్పలను రక్షించి అమెరికాకు కొనిపోయినారు. వానిలో వెడల్పైన పొరపాదములు గల పెద్ద చెట్టుకప్ప ఒకటి క్రొత్త జాతియని తేలి, 2008లో రాబ్ దంపతుల పేర ఎక్నోమియోహైలా రబ్బోరమ్ అని పేరు పొందినది. ఆ జాతి తండ్రి చెట్టుతొర్ర నీటిలో తన చర్మమునే పిల్లలకు ఆహారముగా నిచ్చెడిదని పరిశీలకులు వ్రాసినారు. 2007 తరువాత దాని కూత అడవిలో వినబడలేదు. బోనులలో ఉన్నవి ఒక్కొక్కటిగా గతించి, చివరకు అట్లాంటా ఉద్యానవనమున ఒక్క మగకప్ప మిగిలినది. 2014లో అది ఒకసారి కూయగా ఆ కూతను ముద్రించినారు. బదులు పలుకుటకు ఆడకప్ప లోకములో ఎచటను లేదు. 2016 సెప్టెంబరు 26న అదియు మరణించినది. ఆ జాతికి నేడు మిగిలినవి కొన్ని నమూనాలు, కొన్ని ఛాయాచిత్రములు, ఒక కూత.

కైట్రిడ్ శిలీంధ్రమువలన కనీసము 501 ఉభయచర జాతులు తగ్గిపోయినవనియు, వానిలో 90 అంతరించియుండవచ్చుననియు 2019లో లెక్కగట్టినారు. పడమటి కనుమల కప్పలలోను దీని జాడ 2011లో బయటపడినది. ఒక లోయలోని బురదను బూట్లతో మరొక లోయకు మోసికొనిపోవు యాత్రికుడు తెలియకయే ఈ రోగమునకు వాహనమగును. అందుచేత అడవి మారునపుడు బూట్లను కడిగి ఆరబెట్టుట చిత్రకళలో ఒక భాగము. 2023లో ప్రకటింపబడిన ప్రపంచ పరిశీలన ప్రకారము, ఉభయచర జాతులలో నూటికి నలుబదికి పైగా ముప్పులో నున్నవి. అడవుల నరకుటయు, మారుచున్న వాతావరణమును అందు ముఖ్యకారణములు. కెమెరా పట్టినవాని తప్పు వానిముందు స్వల్పమే. కాని అది అతని చేతిలోనున్న తప్పు, అతడు మానగల తప్పు.

పాఠశాల ఆవరణలో

రాత్రివేళ పిల్లలను అడవికి కొనిపోవుట అందరు ఉపాధ్యాయులకు సాధ్యము కాదు, క్షేమమును కాదు. కప్ప కూర్చున్న కొమ్మమీదనే దానికై పొంచిన రక్తపింజరి జాతి పామును ఉండవచ్చును. రక్షితారణ్యములలో ప్రవేశమునకు అటవీశాఖ అనుమతియు అవసరము. కాని చునాం కప్ప పాఠశాలకే వచ్చును. నీటితొట్టి, అరటిచెట్టు, పాత గోడ ఉన్న ఆవరణ దానికి చాలును. తొలివాన ఏనాడు పడినది, మొదటి కూత ఏరాత్రి వినబడినది, నురుగు గూడు ఎచట కట్టినది, తోకకప్పలు ఎన్నినాళ్ళకు నీటిలో పడినవి, వీనిని వ్రాయుటకు ఒక నోటుపుస్తకము, నిలువుగా ఒక కొలబద్ద, దూరమునుండి తీసిన ఒక చిత్రము కావలెను. ఒక తరగతి పిల్లలు వ్రాసిన పుస్తకమును మరుసటి యేటి పిల్లలు అందుకొనినచో, పదేండ్లలో ఆ ఊరి వానలకును, ఆ ఊరి కప్పలకును ఒక చరిత్ర ఏర్పడును.

తొట్టి కడుగువానితో ముందుగనే ఒకమాట చెప్పియుంచవలెను. గూడు ఎండి, పిల్లలు జారిపోవువరకు ఆ అంచును తుడువవద్దనియు, అప్పటిదాక ఆ నీటిని పారబోయవద్దనియు. ఆ పుస్తకములో మొదట వ్రాయదగిన పని అదియే.